పేరు పోయినా ఆబ్జెక్టు పోదు

పైథాన్ స్క్రిప్టులో పేరు వేరు, ఆబ్జెక్టు వేరు. పేరుకు ఉండేది పరిధి. ఆబ్జెక్టుకు ఉండేది ఆయుష్షు. పావగడ తాలూకా క్యాతగానచెర్లు రైతులకు ఈ తేడా కొత్తేమీ కాదు. అక్కడి సోలార్ పార్కుకు వాళ్లు పొలాలు అమ్మలేదు, కౌలుకిచ్చారు. కౌలుకు గడువుంది. నేల మాత్రం ఎక్కడికీ పోదు.

అక్కడి ప్యానెళ్ల రీడింగులు చదివే స్క్రిప్టు ఒకటి ఉందనుకోండి. ఫంక్షన్ లోపల ‘రీడింగు’ అనే పేరు పుడుతుంది. ఫంక్షన్ ముగియగానే ఆ పేరు పోతుంది. మరి ఆబ్జెక్టు? దాన్ని ఎన్నిచోట్ల పట్టుకున్నారో పైథాన్ లెక్కపెడుతూ ఉంటుంది. లెక్క సున్నాకు రాగానే దాని మెమొరీ ఖాళీ అవుతుంది. బయటి జాబితా ఒక్కటి పట్టుకున్నా సరే, ఆబ్జెక్టు బతికే ఉంటుంది. ‘డెల్’ అని రాసినా పోయేది పేరే, ఆబ్జెక్టు కాదు. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే.

రాత్రింబవళ్లు నడిచే స్క్రిప్టులో అలా జాబితాలో పేరుకున్న పాత రీడింగులు మెమొరీని మింగేస్తాయి. రెండు ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి పట్టుకుంటే లెక్క సున్నాకు రానే రాదు. అలాంటివాటిని ఏరడానికి గార్బేజ్ కలెక్టర్ విడిగా ఉంది. ఫైళ్లను మూసే పని మాత్రం దానికి వదిలేయకూడదు. ‘విత్’ బ్లాకులో తెరిస్తే, మధ్యలో తప్పు దొర్లినా, బ్లాకు దాటగానే ఫైలు మూసుకుంటుంది.