డర్బన్‌లో మనవాళ్లు ఎందుకు నిలిచారు?



తాతముత్తాతలు చెరకు తోటలు విడిచి డర్బన్ ఎందుకు చేరారని పిల్లలు అడిగితే, "కూలి బాగుండేది" అని సరిపెట్టేస్తాం. అది సగం మాటే.

1860లో ట్రూరో ఓడతో మొదలైన వలసలో మనవాళ్లు 5 ఏళ్ల ఒప్పందం మీద వచ్చారు. దానినే గిరిమిట్ అన్నారు. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల జీతం. గడువు తీరాక తిరిగి వెళ్లకుండా, మళ్లీ గిరిమిట్ రాయకుండా ఉండిపోతే ఏడాదికి 3 పౌండ్ల పన్ను కట్టాలని నేటాల్ ప్రభుత్వం 1895లో చట్టం చేసింది. అంటే ఆ తొలి జీతం లెక్కన ఆరు నెలల కష్టం! 1914లో గాని ఆ పన్ను పోలేదు.

అయినా ఎందరో కదల్లేదు. తోటలో దొర ఇచ్చిన కొట్టం, సర్దారు అరుపులు. పట్నంలోనో, కౌలు చెక్కలో కూరగాయలు పండించి తెల్లవారేసరికి బజారుకు చేరిస్తే ఆ డబ్బు తమదే. వీధులు ఊడ్చే నగరపాలక ఉద్యోగమైతే మేగజీన్ బ్యారక్స్‌లో గది దొరికేది. ఇరుకు గదే. కాని గోడ అవతల తెలుగువారో తమిళులో ఉండేవారు. పురుడైనా, పెళ్లయినా పిలిస్తే పలికేవారు. మన అవ్వలు జీతం ఊసెత్తడం తక్కువ, ఆ గోడ అవతలివారి ముచ్చట్లే ఎక్కువ.

1960లలో బ్యారక్స్ ఖాళీ చేయించి చాట్స్‌వర్త్‌కు పంపినప్పుడు మన ఇళ్లలో ఏడ్చింది గది కోసం కాదు, ఎవరు ఏ యూనిట్లో పడతారో తెలియక. డర్బన్ విడిచిపోదామని మాత్రం అనుకోలేదు. ఆదివారాలు బస్సెక్కి, పాత ఇరుగుపొరుగుల కొత్త ఇళ్లు వెతుక్కుంటూ తిరిగాం.