జోడు గొట్టములా, పంపు తుపాకియా?

పక్షుల వేటకు జోడు గొట్టముల తుపాకి మేలా, పంపు తుపాకి మేలా అన్నది వేటకాండ్రలో తెగని తగవు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దానికి 1991లో జరిగిన సవరణయు వేటకు తలుపు మూసినవి. కనుక ఈ తగవు నేటికిని సాగుచున్న అమెరికాకే శ్రోతలను మేము తీసికొని పోవుచున్నాము.

జోడు గొట్టముల తుపాకి నడిమికి విరిచినట్లు తెరచుకొనును. గొట్టమున కొక తూటా. సాధారణముగా ఒక గొట్టపు మూతి కొంత వదులుగాను, రెండవదాని మూతి ఇరుకుగాను ఉండును. వదులు మూతి నుండి గుండ్లు త్వరగా చెదరును. అది దగ్గరి పిట్టకు. ఇరుకు మూతి దూరపు పిట్టకు. రెండు మీటలున్నచో ఏది కావలెనో వ్రేలే నిర్ణయించును. అయితే రెండు గొట్టములును ఒకే చోట గురి తగులునట్లు అతుకుటకు పనివాని నేర్పు కావలెను. అందుచేతనే మంచి జోడు తుపాకికి వెల హెచ్చు.

పంపు తుపాకికి గొట్టమొకటే. దాని క్రింది నాళములో తూటాలు వరుసగా నుండును. ముందరి పిడిని వెనుకకు లాగిన కాలిన తూటా వెలికి వచ్చును. ముందుకు నెట్టిన క్రొత్తది లోనికి పోవును. జాన్ బ్రౌనింగు రూపొందించిన వించెస్టరు 1897 నమూనా దీనికి పేరు తెచ్చినది. 1950లో వెలువడిన రెమింగ్టను 870 దీనిని సామాన్యునకు అందుబాటు చేసినది.

పంపు తుపాకిలో తూటాలు హెచ్చు కదా అని కొందరందురు. కాని 1930లనాటి అనావృష్టికి బాతులు తరిగిపోగా, వలస పక్షుల వేటలో మూడు తూటాలకు మించరాదని 1935లో అక్కడి ప్రభుత్వము కట్టడి చేసినది. ఇక మిగిలిన లాభము ఒక్క తూటాయే.

మరియొక చిక్కు కలదు. నీటిలో పడిన సీసపు గుండ్లను మ్రింగి బాతులు చచ్చుచుండుటచే, నీటిపక్షుల వేటలో 1991 నుండి దేశమంతటను సీసము నిషిద్ధమైనది. బదులు వచ్చిన ఉక్కు గుండ్లు గట్టివి. తాతలనాటి జోడు తుపాకుల పలుచని గొట్టములను, ఇరుకు మూతులను అవి చెరుపవచ్చును. మెత్తని బిస్మతు గుండ్లున్నవి గాని ఖరీదైనవి.

కావున బురదలో, వానలో బాతులకై కాచియుండువానికి పంపు తుపాకి చాలును. కుక్క వెంట పొదలలో నాళ్లకొలది నడచువానికి పొట్టిగా, తూకముగా నుండు జోడు తుపాకి హాయి.

క్రొత్తగా నేర్చువాని విషయములో మాత్రము మేము జోడు తుపాకి పక్షమే. కంచె దాటునపుడు, పడవ ఎక్కునపుడు దానిని తెరచి పట్టినచో లోపల ఏమియు లేదని తోడివారందరికిని కనబడును. పంపు తుపాకి నాళములో దాగిన తూటా ఎవరికిని కనబడదు. గొట్టము ఖాళీయని నమ్మి పిడి కదలించిన అది లోనికి చేరును. ఇంట ఎదురుచూచువారికి వేటగాడు తెచ్చు పిట్టకంటె అతడు తిరిగివచ్చుటే ముఖ్యము గదా.