దుగ్ధామ్లము దోషియా?

హైదరాబాదు నగరమున జూబిలీ హిల్స్ కొండరాళ్ళ నడుమ వెలసిన ఫిల్మ్ నగర్‌లో శరీరశ్రమయే జీవనాధారముగా గలవారు పెక్కుమంది కలరు. మనము మూడు నాలుగు నిమిషములు చూచి ఆనందించు పాటకై గ్రూప్ డాన్సర్లు దినముల తరబడి రిహార్సల్ చేయుదురు. ఒక్క ఫైటు దృశ్యమునకై ఫైటర్లు అనేక పర్యాయములు ఎగిరి దూకుదురు. మఱునాడు లేచునప్పటికి తొడలు, పిక్కలు పట్టివేయును. కారణమేమని అడిగినచో తఱచుగా లభించు సమాధానము ఒక్కటే: "కండలలో లాక్టిక్ యాసిడ్ చేరినది; మర్దన చేయించిన పోవును." వ్యాయామశాలలందును, ఆటస్థలములందును ఈ మాటయే వినవచ్చుచున్నది. ఈ నింద ఎంతవఱకు న్యాయమో మనము విచారింతము.

లాక్టిక్ ఆమ్లమును మన భాషలో దుగ్ధామ్లమందురు. 1780లో స్వీడన్ దేశపు రసాయనవేత్త షీలే పులిసిన పాలనుండి దీనిని వేఱుచేసెను. పేరు అందువలననే వచ్చినది. గోరువెచ్చని పాలలో తోడు వేసినచో, తోడులోని సూక్ష్మజీవులు పాలయందలి చక్కెరను ఈ ఆమ్లముగా మార్చును. పులుపు పెరిగినకొలది పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి పెరుగగును. రాత్రి రుబ్బిన ఇడ్లీపిండి తెల్లవారుసరికి పులియుట యందును ఇట్టి సూక్ష్మజీవుల పనియే కలదు. నటీనటుల మేకప్ గదులలోని కొన్ని చర్మలేపనములలోను ఈ ఆమ్లమే యుండి, చర్మముపై మృతకణములను వదలించును. శస్త్రచికిత్స పిదప విప్పనక్కఱలేక తమంతట తామే కరగిపోవు కుట్టుదారములలో కొన్నింటికి ఇదియే ముడిసరుకు.

ఇంతటి ఉపకారికి అపకీర్తి ఎట్లు వచ్చెను? పందొమ్మిదవ శతాబ్దారంభముననే బెర్జీలియస్ దీనిని మాంసమునందు కనుగొనెను. తరువాత, శ్రమించిన కండరమున ఇది అధికమగుననియు తేలెను. కండరశక్తిని గూర్చి పరిశోధించిన హిల్, మేయర్‌హోఫ్ అనువారలకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది. కండరము ముడుచుకొనుటకు దుగ్ధామ్లము పుట్టుటయే మూలమని ఆనాటి శాస్త్రజ్ఞుల నమ్మకము.

ఆ నమ్మకమును కదలించినవారిలో మన తెలుగువారొకరు కలరు. 1895లో భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి, అమెరికా వెడలిన యల్లాప్రగడ సుబ్బారావుగారే వారు. హార్వర్డ్ వైద్యకళాశాలలో ఫిస్కేతో కలసి, భాస్వరమును నీలిరంగు సాయమున కొలుచు పద్ధతిని వారు 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతితో కండరరసమును పరీక్షింపగా రంగు ఒక్కసారిగా రాక, క్రమక్రమముగా చిక్కబడుచుండెను. ఏదియో ఒక పదార్థము విచ్ఛిన్నమగుచు భాస్వరమును కొలదికొలదిగా విడుచుచున్నదని వారు గ్రహించిరి. 1927లో వెల్లడియైన ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును అదే కాలమున దీనిని గుర్తించిరి. 1930లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్, దుగ్ధామ్లము పుట్టకుండ చేసిన కండరము సైతము కొంతసేపు ముడుచుకొనగలదనియు, అప్పుడు ఖర్చగునది ఫాస్ఫోక్రియాటిన్ అనియు నిరూపించెను. దానితో పాతసిద్ధాంతము కూలిపోయెను.

ఇప్పుడు షూటింగునకే వత్తము. "యాక్షన్" అనగానే తీవ్రమైన కదలికలకు మొదటి కొలది సెకండులు ప్రధానముగా అక్కఱకు వచ్చునది ఈ ఫాస్ఫోక్రియాటినే. షాట్ సాగినకొలది కండరము తనలోని గ్లూకోజును వేగముగా విఱుగగొట్టి శక్తిని పొందును. ఆ మార్గమున ఏర్పడునదే లాక్టేట్, అనగా దుగ్ధామ్లపు లవణరూపము. ఇది వ్యర్థపదార్థము కాదు. గుండె దీనిని ఇంధనముగా వాడుకొనును. కాలేయము దీనిని మరల గ్లూకోజుగా మార్చును. ఈ చక్రమును వివరించిన కోరీ దంపతులు 1947లో నోబెల్ బహుమానము నందిరి. ఒక కణమున పుట్టిన లాక్టేట్ మఱొక కణమునకు ఆహారమగునని 1980ల దశాబ్దమున కాలిఫోర్నియా శాస్త్రజ్ఞుడు జార్జి బ్రూక్స్ ప్రతిపాదించెను. ఆసుపత్రులలో ఎక్కించు రింగర్ లాక్టేట్ సెలైనులో ఉన్నదియు ఈ లాక్టేటే. నిజముగా విషమైనచో రోగి నరములలోనికి ఎక్కింతురా?

విశ్రాంతివేళ లీటరు రక్తములో ఇంచుమించు 1 మిల్లీమోల్ లాక్టేట్ ఉండును. తీవ్రశ్రమలో అది పదింతలు మించవచ్చును. శ్రమ ఆగిన పిమ్మట సుమారు ఒక గంటలో మరల పూర్వస్థితికి వచ్చును. ప్యాకప్ చెప్పి, దుస్తులు మార్చుకొని, ఇల్లు చేరునప్పటికి లాక్టేట్ కథ ముగిసినట్లే. మఱునాటి నొప్పికి అది కారణమెట్లగును?

ఆ నొప్పికి కారణము వేఱు. ఎత్తునుండి దూకి నిలుచునప్పుడును, మోకాళ్ళు వంచి క్రిందికి దిగునప్పుడును కండరము సాగుచునే బరువును ఆపవలసియుండును. అలవాటు లేనంత శ్రమ కలిగినచో కండరపు సన్నని పోగులకు సూక్ష్మమైన గాయములగును. కొంత వాపు కలుగును. నొప్పి ఒకటి నుండి మూడు దినములలో హెచ్చి, పిదప తగ్గును.

ఈ భేదము మాటలకు మాత్రమే సంబంధించినది కాదు. దినకూలికి ఆడు డాన్సరు, తన నొప్పి ఆమ్లమే యని నమ్మి, పిండించుకొని మరల అదే దూకుడు దూకినచో చిన్నగాయము పెద్దదగును. అభ్యాసమును మెల్లమెల్లగా పెంచుట, క్రొత్త అడుగులకు దినముల వ్యవధి నిచ్చుట మేలు. నొప్పి భరింపరానిదై, కాళ్ళు సత్తువ తప్పి, మూత్రము టీ డికాక్షను రంగున వచ్చినచో ఒక్కగంటయు జాగు చేయరాదు. చితికిన కండరములోని పదార్థము మూత్రపిండములను చెఱచుచున్నదనుటకు అది సూచన కావచ్చును. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

దుగ్ధామ్లము దోషి కాదు. నొప్పి పుట్టిన కండరము కోరునది విశ్రాంతి. దానిని పనిచేయువాడు అడుగుటయు, పనిచేయించువాడు ఇచ్చుటయు న్యాయము.