గురుగ్రహవాసిగా మారిన మనిషి

అమెరికా పాత్రికేయుడు క్లిఫర్డ్ సిమాక్ రాసిన వైజ్ఞానిక నవల ‘సిటీ’ 1952లో వెలువడింది. అంతకుముందు పత్రికల్లో విడివిడిగా వచ్చిన కథల్ని గుదిగుచ్చిన రచన ఇది. మనుషులు కనుమరుగయ్యాక, వాళ్ల గురించి కుక్కలు చెప్పుకునే గాథలుగా నవల నడుస్తుంది.

అందులో 1944 నాటి కథ ఒకటి మరువరానిది. గురుగ్రహం మీది పీడనాన్ని, అమ్మోనియా వానను మానవ దేహం తట్టుకోలేదు. అందుకే ఒక యంత్రం మనిషిని అక్కడి జీవిగా, ‘లోపర్’గా మార్చేస్తుంది. అలా బయటికి వెళ్లినవాళ్లెవరూ తిరిగి రారు. చివరికి కేంద్రాధికారి ఫౌలర్ తన ముసలి కుక్క టౌజర్‌తో కలిసి తానే రూపం మార్చుకుంటాడు. బయట అతనికి ఎదురైంది మృత్యువు కాదు, ఊహకందని ఆనందం. భయంకరమైన ఆ వాన సంగీతంలా వినిపిస్తుంది, బుద్ధి పదునెక్కుతుంది, కుక్క మనసులోని మాట సూటిగా అందుతుంది. పరాయి దేహాన్ని శాపంగా కాక వికాసంగా చూపడంలోనే సిమాక్ గొప్పతనం ఉంది.

గురుగ్రహానికి గట్టి నేల లేదని ఇప్పుడు తెలుసు. అయినా కథ బలం తగ్గలేదు. తర్వాతి కథలో ఫౌలర్ తిరిగివచ్చి ఆ సంగతి చెప్పగా, మానవజాతిలో అధికభాగం గురుగ్రహానికి తరలిపోతుంది.