పాసుబుక్కు లేనోళ్లకు కరువు లేదా?

(ప్రొద్దుటూరు సభలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)



2002 కరువులో నేను డిగ్రీ చదువుతున్నా. నష్టం రాసుకునేదానికి మా పల్లెకు ఒకాయన వచ్చినాడు. మాయమ్మ ముందుకు పోయి "సారూ, కలుపుల్లేవు, కోతల్లేవు, మా పేరూ రాయండి" అనింది. "పాసుబుక్కు ఉందా?" అన్నాడాయన. లేదనింది. "మరి నీకేం నష్టం?" అని పుస్తకం మూసినాడు. ఆ మాటకు జవాబు చెప్పేదానికే ఈ పొద్దు మీ ముందర నిలబడినాను.

వరదొస్తే దేశమంతా చూస్తుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగితే ఢిల్లీ నుంచి కేంద్ర బృందం వచ్చి చూసిపోయింది. కరువు చప్పుడు లేకుండా వస్తుంది. పులివెందులలో చీనీ తోట ఎండితే చెట్ల లెక్క ఉంటుంది. జమ్మలమడుగు నల్లరేగడిలో శనగ ఎండితే ఎకరాల లెక్క ఉంటుంది. ఆ చేన్లలో పని పోయినోళ్ల లెక్క ఏ కాగితంలో ఉంది?

కరువు మండలాలను ప్రకటించేది రాష్ట్రం. అంతటితో కేంద్రం చేతులు కడుక్కునే వీల్లేదు. 2005లో పార్లమెంటు విపత్తుల నిర్వహణ చట్టం చేసింది. దాని కింద ఏర్పడిన జాతీయ సంస్థకు అధ్యక్షుడు సాక్షాత్తు ప్రధానమంత్రే. రాష్ట్ర విపత్తు నిధిలో నూటికి 75 రూపాయలు కేంద్రం పెట్టాల్సిందే. కరువు కూడా ఈ చట్టం కిందికి వస్తుందని 2016 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చింది.

బాధితులకు కూడు, నీళ్లు, వైద్యం, నీడ, జీవనోపాధి నిలబెట్టే సాయం - వీటికి కనీస ప్రమాణాలు జాతీయ సంస్థే చెప్పాలంటుంది 12వ సెక్షన్. రైతుకు చేను జీవనోపాధి. మనకు రెక్కల కష్టమే జీవనోపాధి. సాయంలో కులవివక్ష కూడదంటుంది 61వ సెక్షన్.

"మేం కులం అడగలేదు, పాసుబుక్కే అడిగినాం" అంటారు. ఈ సీమలో భూమి ఎవరి చేతిలో ఉందో, ఎవరికి దక్కకుండా పోయిందో చిన్నపిల్లోడు కూడా చెప్తాడు. రైతుకిచ్చేది వద్దనడం లేదు. కూలోళ్ల నష్టమూ నష్టమే అంటున్నాం.

కాబట్టి ఈ పొద్దే పని మొదలుపెట్టండి. ఇంటింటికీ పోయి ఏ నెలలో ఎన్ని దినాల పని పోయిందో రాయండి. వలస పోయినోళ్ల పేర్లు రాయండి. 12, 61 సెక్షన్ల పేరు పెట్టి తహశీల్దారుకు అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. కరువు బృందమొస్తే రోడ్డు పక్క తోట చూసి పోనీకండి, మన వాడలోకి పిల్చుకొని రండి.

మాయమ్మ ఆ పొద్దు ఒంటరిగా అడిగింది. ఈసారి ఊరూరా అడుగుదాం. జై భీమ్!