మన రాళ్లు ఎక్కడున్నాయి?

(రాయదుర్గంలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మ్యూజియం గురించి మాట్లాడమంటే మొదట నాకే నవ్వొచ్చింది. నీళ్లు, ఉద్యోగాలు అని ధర్నాల్లో గొంతు పోయేదాకా అరిచినోణ్ని, పాత రాళ్ల గురించి ఏం చెప్పాల? హేమావతి చూసొచ్చినాక ఆ నవ్వు పోయింది.

హేమావతి మడకశిర వైపు, అమరాపురం మండలంలో ఉంది. 2022 దాకా మన అనంతపురం జిల్లానే, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. వెయ్యేండ్ల కిందట దాని పేరు హెంజేరు, నొలంబుల రాజధాని. సిద్ధేశ్వరాలయంలో శివుడు లింగరూపంలో లేడు, మనిషి మాదిరి కూర్చోని ఉంటాడు. దొడ్డేశ్వరాలయంలో నల్లరాతి నంది ఉంది, చెయ్యి పెడితే జారిపోయేంత నునుపు. రాతి కిటికీల్లో తీగలు చెక్కి, ఆ తీగల నడుమ దేవతలను కూర్చోబెట్టినారు. గుడి దగ్గరే మ్యూజియం. నాతో వచ్చిన డిగ్రీ పిల్లోడు, "అన్నా, నొలంబులనే పేరే నేను వినలేదు" అన్నాడు. నేనూ డిగ్రీ చదివినాకే విన్నా.

అయితే శిల్పాలన్నీ అక్కడ లేవు. చోళులు గెలిచి స్తంభాలు పెరికి తీసుకుపోయినారు. త్యాగరాజ ఆరాధన జరిగే తిరువయ్యారు ఉంది కదా, అక్కడి గుడిలో నిలబడి ఉండేవి ఆ నొలంబ స్తంభాలే. మద్రాసు మనకు రాజధానిగా ఉన్న కాలంలో ఇంకొన్ని శిల్పాలు ఎగ్మూరు మ్యూజియం చేరినాయి. వాటి మీద శివరామమూర్తి పుస్తకమే రాసినాడు, 1964లో. చోళులది దోపిడీ. మద్రాసుదాన్ని నేను దోపిడీ అనను, ఎండకు వానకు పోకుండా కాపాడినారు. కానీ మన పిల్లోడు మన పనితనం చూడాలంటే మద్రాసు రైలు ఎక్కాల్నా?

మన రాయదుర్గం సంగతీ అంతే. 1953 అక్టోబరు 1 దాకా మనం బళ్లారి జిల్లా. ఆదోని, ఆలూరు కర్నూలుకు, మనం అనంతపురానికి వచ్చినాం, బళ్లారి మైసూరుకు పోయింది. బ్రూస్ ఫుట్ దొర ఈ రెండు జిల్లాల్లోనూ తిరిగి ఏరిన రాతి గొడ్డళ్లను 1904లో మద్రాసు మ్యూజియం కొనింది. బళ్లారిలో ఆయన పేరు మీద మ్యూజియం ఉంది, పొద్దున పోతే సాయంత్రానికి రావచ్చు. చూడండి.

అన్నిటికన్నా నన్ను నిలేసింది కళ్యాణదుర్గం వైపు ఉండే పాలవాయి బూడిద దిబ్బ. వి. రామిరెడ్డి అక్కడ తవ్వకాలు చేసి 1976లో పుస్తకం తెచ్చినాడు. ఆ బూడిద దేనిదనుకుంటున్నారు? పశువుల పేడది. వేల ఏండ్ల కిందటి కొత్తరాతి యుగపు జనం మందలు తోలుకొని ఈ నేల మీద బతికినారు. కరువు సీమ అని మనల్ని మనమే తిట్టుకునేటప్పుడు ఆ దిబ్బ గుర్తుకు తెచ్చుకోవాల.

ఒక మ్యూజియంలో, పేరు చెప్పను, వీరగల్లు కింద చీటీ మీద "రాతి శిల్పం" అని మాత్రం ఉంది. ఏ ఊరి వీరుడో లేదు. అది రాయి అని నాకు కనపడదా? ప్రతి దానికీ ఊరి పేరు తెలుగులో రాయమని అడగాల. బయట ఉండే మన శిల్పాల ఫోటోలు, జాబితా జిల్లాలో పెట్టమని అడగాల.

రాష్ట్రం వచ్చినాక అన్నీ చూసుకుందాం అనే మిత్రులు ఉండారు. అప్పటికి ఏం మిగులుతాది? గుప్తనిధులని నంది విగ్రహాలు పగలగొట్టేది చోళులు కాదు, మనోళ్లే. మన కొండ మీద రససిద్ధుల గుహల దగ్గర జైన మూర్తులు ఉండాయి. ఇక్కడ ఎంతమంది చూసినారు, చేతులెత్తండి... చూసినారా, ఎన్ని చేతులు లేసినాయో!

వచ్చే ఆదివారం పొద్దున్నే కొండెక్కుదాం. నోటుపుస్తకం, టేపు తెచ్చుకోండి. ఫోన్లో ఫోటో తీయండి, రాతికి సుద్దా రంగూ పూయొద్దు. ఆ జాబితా పురావస్తు శాఖకు ఇచ్చి రసీదు తీసుకుందాం. సద్ది, నీళ్లు ఎవరివి వాళ్లు కట్టుకొని రావాల.