పైసలు మనవి, పట్టాలు ఎవరి కోసం?

(తాండూరు సభలో చేసిన ప్రసంగ పాఠం)



2011 సెప్టెంబర్‌ల సకల జనుల సమ్మె నడుస్తున్నప్పుడు రైల్ రోకోల మేమందరం పట్టాల మీద కూర్చున్నం. వంట అక్కడనే, పాట అక్కడనే. కానీ ఆ పట్టాలు ఎవరి పైసలతోటి పడ్డయో మాల ఒక్కరికి తెల్వదు. డిగ్రీలు చదివినోళ్లమే. ఏ పాఠంల మాకు చెప్పలే. తర్వాత వెతుక్కొని చదువుకున్నం.

వాడి నుంచి తాండూరు, వికారాబాద్ మీదుగా సికింద్రాబాద్‌కు ఆవిరి బండి 1874 అక్టోబర్‌ల మొదలైంది. బొంబాయి, మద్రాసు లైన్లు 1871లనే రాయచూరు కాడ కలిసినయ్. సికింద్రాబాద్ దండును ఆ పెద్ద లైనుకు కలపాలన్నది ఇంగ్లీషోళ్ల పట్టు. ఖర్చు మాత్రం నిజాం ఖజానాది. ఖజానాల పైసలు ఎక్కడివి? మన రైతులు కట్టిన శిస్తు. రైలును రాజు ఇచ్చిండని కొందరంటరు, తెల్లదొర ఇచ్చిండని కొందరంటరు. ఇచ్చింది దున్నినోడు.

1883ల ఇంకో కథ. లైనును వరంగల్, చాందా దిక్కు పొడిగిస్తమని చెప్పి లండన్ కంపెనీకి అప్పజెప్పే ఒప్పందం తెచ్చిన్రు. కంపెనీ పెట్టుబడి మీద 20 ఏండ్లు ఏటా 5 శాతం వడ్డీకి మన సర్కారు జామీను. అంటే బండి నడిచినా నడవకున్నా కంపెనీకి వడ్డీ ముట్టాలె. ఆ షరతులు జనం ముందర పెట్టుమని అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం అడిగిన్రు. ఈ అఘోరనాథ్ సరోజినీ నాయుడు తండ్రి. లెక్క అడిగినందుకు ఆయనను హైదరాబాద్ నుంచి వెళ్లగొట్టిన్రు. ఒప్పందం మాత్రం ఆగలే. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అనే పేరుల ఉన్న గ్యారంటీ ఇదే. బండి 1886ల వరంగల్‌కు, 1889ల బెజవాడకు పోయింది. ఆఖరికి 1930ల సర్కారు ఆ రైల్వేను కంపెనీ నుంచి కొన్నది. మన పైసలతోటి ఏసిన లైనును మల్ల మన పైసలతోటే కొన్నం!

రైలుతోటి మేలు జరగలేదని మేం అంటలేం. తాండూరు నాపరాయికి, కందిపప్పుకు దూరపు ఊళ్లల్ల పేరొచ్చిందంటే దాంట్ల రైలుకూ వాటా ఉన్నది. మేం అడిగేది లెక్క.

2014ల రాష్ట్రం వచ్చింది. లెక్క అడిగే పని ఒడవలే. కొత్త లైను గానీ, గని గానీ, ఫ్యాక్టరీ గానీ, ఏది వచ్చినా మూడు మాటలు అడుగుదాం. పైసలు ఎవరివి? అవసరం ఎవరిది? నష్టమొస్తే ఎవరి నెత్తిన? నాడు అడిగినోళ్లను ఊరు దాటించిన్రు. ఇయ్యాల ఊరు మనది. అడగకపోతే తప్పు కూడా మనదే.